తల్లిపాలు – తల్లికి తోడు: ఒక విమర్శనము

మంచి బుద్ధి గాని చెడ్డ బుద్ధి గాని యొకనికి పసితనమునుండియే అలవడినదని చెప్పవలసివచ్చినప్పుడు, అది వానికి ఉగ్గుపాలతో అబ్బినదని మనవా రందురు. పాలతోపాటు బుద్ధియు లోపలికి పోవునను నమ్మకము మన భాషలోనే యిమిడియున్నది. కాబట్టి ప్రతి సంవత్సరము ఆగష్టు మొదటి వారమున, తల్లిపాల వారోత్సవముల సందర్భమున, తల్లిపాలు త్రాగిన బిడ్డ తెలివిగలవాడగునను భావముగల ప్రకటనలు గోడలమీద కనబడినప్పుడు చదువరు లెవ్వరును ఆశ్చర్యపడరు. శాస్త్రజ్ఞులు మన అమ్మమ్మల మాటనే మరల చెప్పుచున్నారు గదా యని సంతోషింతురు.

మేమును సంతోషించినవారమే. కాని హైదరాబాదునకు తూర్పువైపున, ఉప్పలునుండి నాచారము పోవు దారిలో, పనిశాలల వెనుకనున్న సందులలో కొన్ని దినములు తిరిగిన పిమ్మట మాకొక సందేహము కలిగినది. ఆ ప్రకటన తల్లివంక వ్రేలు చూపుచున్నది. పాలిమ్ము, నీ బిడ్డకు తెలివి వచ్చునని ఆమెకు చెప్పుచున్నది. ఆ మాటకు ఆధారముగా నెల్లరు చూపు పరిశోధన మాత్రము తల్లివంక చూపుట లేదు. అది వ్రేలు చూపిన దిక్కు వేఱు. ఈ భేదమును గూర్చియే మేము వ్రాయ బూనితిమి.

ఆ పరిశోధన జరిగినది బెలారస్ దేశమున. దానిని నడపినవారిలో ముఖ్యుడు కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు వైద్యుడు మైకేల్ క్రేమర్. తల్లిపాలు త్రాగిన పిల్లలు తెలివిగలవారగుదురని ఐరోపా, అమెరికా వైద్యులు అంతకు పూర్వమును చెప్పుచుండిరి. కాని ఆ మాటలో ఒక చిక్కుండెను. ఆ దేశములలో ఎక్కువకాలము పాలిచ్చు తల్లులు సాధారణముగా చదువుకొన్నవారు, కలిగినవారు. వారి యిండ్లలో పుస్తకము లుండును, బిడ్డతో మాటలాడుటకు తీరిక యుండును. బిడ్డకు అబ్బిన తెలివి పాలవలన వచ్చినదో, తల్లి చదువువలన వచ్చినదో, తండ్రి సంపాదనవలన వచ్చినదో విడదీసి చెప్పుట యెట్లు? నిజము తేల్చవలెనన్నచో చీటి వేసి, సగముమంది తల్లులను పాలిమ్మనియు, తక్కినవారిని మానుమనియు శాసింపవలెను. అట్లు శాసించుటకు మనసున్న వైద్యు డెవ్వడును ఒప్పుకొనడు.

క్రేమరును ఆయన తోడివారును ఈ చిక్కును దాటిన తీరు మెచ్చదగినది. వారు తల్లులకు చీటి వేయలేదు, ఆసుపత్రులకు వేసిరి. 31 ప్రసూతి ఆసుపత్రులను, వానికి చేరిన పిల్లల వైద్యశాలలను తీసికొని, 16 చోట్ల వైద్యులకు, నర్సులకు, మంత్రసానులకు శిక్షణ నిచ్చిరి. బిడ్డ పుట్టిన వెంటనే తల్లి ఱొమ్మున చేర్చుట, తల్లీబిడ్డలను ఒకే మంచముదగ్గర నుంచుట, బిడ్డ నోటిని సరిగా పట్టించుట, పాలు గడ్డకట్టినప్పుడు, చనుమొనలు పగిలినప్పుడు చేయవలసిన ఉపచారము, ఇంటికి పోయిన పిదపకూడ వైద్యశాలలో అడిగి తెలిసికొను అవకాశము, ఇవియే ఆ శిక్షణలోని విషయములు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు యునిసెఫును కలసి 1991లో ప్రారంభించిన శిశుమిత్ర ఆసుపత్రి పద్ధతి నాధారముగా గొని దీనిని రూపొందించిరి. తక్కిన 15 చోట్ల పూర్వపు వాడుకనే సాగనిచ్చిరి. 1996 నడిమినుండి 1997 చివరివరకు పుట్టిన 17,046 మంది శిశువులు లెక్కలోనికి వచ్చిరి. రెండు వైపుల తల్లులును పాలిచ్చుట మొదలుపెట్టినవారే. వారి యిష్టములో భేదము లేదు. అందిన తోడులోనే భేదము.

చదువరు లీ సంగతిని మనసున నుంచుకొనవలెనని మా మనవి. ఆ దేశమున పరీక్షింపబడినది పాలు కావు, తోడు. మూడు నెలల వయస్సున, శిక్షణ పొందిన చోట్ల తల్లిపాలు తప్ప మఱేమియు త్రాగని శిశువులు నూటికి 43.3, శిక్షణ లేనిచోట్ల నూటికి 6.4. ఒకే దేశపు తల్లులు, ఒకే విధమైన సంకల్పము గలవారు. కాని ఒక నర్సు పక్కన గూర్చుండి చూపిన చోట ఏడింతలమంది నిలదొక్కుకొనిరి. పాలు చాలని తల్లియని, ఓపిక లేని తల్లియని, ఈ కాలపు ఆడువారికి పాలే లేవని మనవారు నోరార అనుచుందురు గదా, వారీ రెండంకెలను ఒక్కసారి చదివినచో బాగుండును. మొదటి యేడు తిరుగునాటికి కడుపు జబ్బులకు గురియైన పిల్లలు ఒకవైపు నూటికి 13.2, రెండవవైపు 9.1. తామరవంటి చర్మరోగము 6.3 నుండి 3.3కు తగ్గినది.

ఇక తెలివి సంగతి. ఆ పిల్లలకు ఆఱున్నర యేండ్లు వచ్చినప్పుడు 13,889 మందిని పరీక్షించి, 2008లో ఫలితములు ప్రకటించిరి. సగటును నూరుగా నెంచు కొలతలో, మాటల నేర్పునకు సంబంధించిన భాగమున, తోడు పొందిన తల్లుల బిడ్డలు సగటున 7.5 అంకములు హెచ్చుగా నుండిరి. గోడలమీది మాటకు బలమిచ్చినది ఈ అంకెయే. అయితే పరీక్షించినవారు ఆ వైద్యశాలల వైద్యులే యగుటచేత, ఏ బిడ్డ ఏ వైపువాడో వారికి తెలియును. తాము శ్రమపడి పెంచిన తోటలోని కాయ తియ్యగా నున్నదని ఎవరికి తోచదు? ఆ పరిశోధకులే యీ లోపమును దాచక చెప్పిరి. పిదప పదునాఱేండ్ల వయస్సున, వైద్యుని చేయి తగులకుండ, పిల్లలే యంత్రముమీద వ్రాసిన పరీక్షలో ఆ భేదము 1.4 అంకములకు దిగినది. 2018లో ప్రకటింపబడిన యీ రెండవ అంకెను గోడలమీద మేమింకను చూడలేదు. స్థూలకాయము, ఉబ్బసము తగ్గునన్న ఆశలును ఆ పరిశోధనలో నెఱవేఱలేదు.

కాబట్టి ప్రకటనలోని మాట అబద్ధమని మేము చెప్పము. పూత హెచ్చిన మాట యని చెప్పుదుము. తల్లిపాలకు ఆ పూత అక్కఱలేదు. వాననీరు నిలుచు సందులలో, ఒక్క కొళాయి పదియిండ్లకు దిక్కైన చోట, పసిబిడ్డకు విరేచనములు పట్టకుండుట చిన్న లాభమా? దానిని విడిచి తెలివితేటల నెరవేయుట వలన జరుగు కీడు మఱియొకటి కలదు. ఎన్ని పాట్లు పడినను పాలు పడని తల్లి, నెలలు నిండక పుట్టిన బిడ్డను గాజుపెట్టెలో విడిచి వచ్చిన తల్లి, ఆ గోడను చదివి తన బిడ్డ మందమతి యగునేమో యని కుములును. పోతపాలు త్రాగి పెరిగిన బుద్ధిమంతులు మన చుట్టును ఎందఱు లేరు? తన తల్లి పాలు అందని శిశువుల కొఱకు హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో ధాత్రి యను తల్లిపాల బ్యాంకు ఏర్పడినది. ఒక తల్లి లోటును వేఱొక తల్లి తీర్చు ఆ యేర్పాటు, నింద మోపు ప్రకటనలకంటె మాకు హృద్యముగా తోచినది.

బెలారస్ సంగతిలో మనవారు చూడక దాటిపోవు విషయ మొకటి యున్నది. ఆ దేశమున తల్లికి మూడేండ్ల ప్రసూతి సెలవు కలదు. శిక్షణ పొందిన నర్సు చెప్పిన మాటను ఆచరించుటకు ఆ తల్లి యింటియొద్ద నున్నది, బిడ్డ ఒడిలో నున్నది. చెఱువులో నీరున్నందున కాలువ త్రవ్వుట ఫలించినది. మన నాచారమున కాలువనుగూర్చి ఉపన్యాసము లిచ్చుచున్నాము గాని చెఱువు సంగతి యడుగుట లేదు.

నాచారము, మల్లాపురము, ఉప్పలు పారిశ్రామికవాడలలో పెద్ద కర్మాగారములతోపాటు చిన్న రేకుల షెడ్లు అనేకము లున్నవి. బట్టలు కుట్టుట, మందులను డబ్బాల కెత్తుట, తినుబండారములు కట్టుట మొదలైన పనులలో స్త్రీలు విశేషముగా నుందురు. వారిలో చాలమంది యితర జిల్లాలనుండియు, ఇతర రాష్ట్రములనుండియు వచ్చి ఒక గది యద్దెకు తీసికొని యుండువారు. అట్టి గదియొకదాని గడపలో నల్లగొండ వైపునుండి వచ్చిన యొక యువతి మాతో మాటలాడినది. బిడ్డకు నాలుగవ నెల. రెండవ నెల నిండగనే ఆమె పనికి మరల పోవుచున్నది. బిడ్డను పక్కగది ముసలమ్మ చూచును. గోడమీది ప్రకటనను చదివితివా తల్లీ యని మే మడిగితిమి.

"చదివిన సారూ. పాలిస్తె తెలివొస్తదట. డ్యూటీల ఉన్నంతసేపు ఱొమ్ములు రాళ్ల లెక్కయితయి. బాత్రూంల పిండి పారబోస్త. ఆ పాలకు తెలివి లేదా మల్ల?"

మే మేమియు బదులు చెప్పలేకపోతిమి. చట్టము లేదా యని చదువరు లడుగవచ్చును. ఉన్నది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి, మొదటి రెండు కాన్పులకు 12 వారముల సెలవును 26 వారములు చేసిరి. పనికి మరలివచ్చిన తల్లికి బిడ్డ పదునైదు నెలల వాడగువరకు దినమునకు రెండుమార్లు పాలిచ్చుటకు విరామము విధించిరి. 50 మంది, ఆ పైబడి పనివారున్న ప్రతిచోటను శిశుగృహ ముండవలెననియు, తల్లి దినమునకు నాలుగుమార్లు పోయి బిడ్డను చూచుకొనవచ్చుననియు శాసించిరి. 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలోనికి నీ నియమములే చేరినవి. రాజ్య బీమా పథకములో చేరిన స్త్రీకి 26 వారముల వేతనము యజమాని చేతినుండి కాక బీమా నిధినుండియే వచ్చును; ఆ పథకపు ఆసుపత్రి నాచారమునందే కలదు. కాగితముమీద చూచినచో ఇంతకంటె కోరదగిన దేమున్నది?

కాని ఆ యువతి పనిచేయు షెడ్డులో ఇరువదిమందికి మించి లేరు. ఆమె పేరు కంత్రాటుదారు చిట్టాలో నున్నదే గాని బీమా పుస్తకములోనికి ఎక్కలేదు. శిశుగృహపు నియమము ఏబదివద్ద మొదలగును; ఆమె బ్రదుకు ఇరువదివద్ద ముగిసినది. ఇక పాలిచ్చుటకు రెండు విరామము లిచ్చినను, బిడ్డ రెండు మైళ్ల దూరమున నున్నప్పుడు ఆ విరామమున తల్లి యేమి చేయును? 1948 నాటి కర్మాగారముల చట్టము ఏబదిమందికి మించి స్త్రీలున్న చోట శిశుగృహము నిర్బంధించెను. 1976లో దానిని ముప్పదికి దించిరి. తరువాతి చట్టములలో స్త్రీలను మాత్రమే గాక పనివారి నందఱను లెక్కించుట వచ్చినది. ఇది మంచి మార్పే. స్త్రీల సంఖ్యనే లెక్కించినచో, ఆ సంఖ్యను దాటకుండ స్త్రీలను పనిలోనికి తీసికొనుటయే మానివేయు యజమానులుందురు. అయినను చిన్న షెడ్డు చిన్న షెడ్డుగనే మిగిలినది.

ఆసుపత్రుల సంగతికి వచ్చినచో, తెలంగాణమున పురుళ్లు ఇంటిలో జరుగుట దాదాపుగా అంతరించినది. 2019–20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 97 పురుళ్లు ఆసుపత్రులలోనే జరిగినట్లు తేలినది. అయితే పుట్టిన గంటలోపల తల్లిపాలు త్రాగిన శిశువులు నూటికి 37 మంది మాత్రమే. నూటికి 60కి పైగా కాన్పులు కత్తిచేత జరిగినవి. ఆసుపత్రికి పోవుటయే తోడు కాదని చెప్పుట కీ మూడంకెలు చాలును. కోతగాయముతో వెల్లకిల పడియున్న తల్లి తానుగా లేచి బిడ్డను తీసికొనలేదు. ఎవరో యొకరు బిడ్డను తెచ్చి, పక్కకు తిప్పి, ఱొమ్ము నందింపవలెను. ఆ పనికి చాలినంతమంది నర్సులు లేనిచోట తేనెచుక్కయో, చక్కెరనీరో, డబ్బాపాలో ముందుగా వచ్చి చేరును. పాలడబ్బాల ప్రకటనలను, ఉచితపు నమూనాలను, వైద్యులకు కానుకలను 1992 నాటి చట్టమే నిషేధించినది; 2003లో దానిని మఱింత బిగించిరి. కాని డబ్బాను వార్డులోనికి రానిచ్చునది అంగడివాని నేర్పు ఒక్కటే కాదు, మంచమువద్ద మనిషి లేకుండుటయు.

తల్లికి చేసిన సాయము బిడ్డలో ఎన్నాళ్లకు కనబడునని యడుగువారికి బెలారస్ దాక పోనక్కఱలేని జవాబొకటి యున్నది. ఉప్పలులో మెట్రో రైలెక్కి నాలుగవ స్టేషనైన తార్నాకలో దిగినచో, జాతీయ పోషకాహార సంస్థ దగ్గఱనే యుండును. 1918లో కూనూరున మెక్కారిసను దొర ఆరంభించిన చిన్న పరిశోధనాశాల 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969లో ఈ పేరు దాల్చినది. ఆ సంస్థకు చాలకాలము పెద్దగా నుండిన సి. గోపాలన్ 1950 ప్రాంతములందే పేద తల్లుల పాలను కొలిచి చూచెను. అరకొర తిండి తినుచున్న తల్లులును నెలలతరబడి బిడ్డకు చాలునంతకు దగ్గఱగా పాలిచ్చుచున్నారనియు, ఆ పాలు వారి దేహమును కరగించి వచ్చుచున్నవనియు చాటెను. పాలు లేవన్న నింద యెంత అన్యాయమో, తల్లి తిండినిగూర్చి యడుగకపోవుట యెంత అన్యాయమో ఆ కొలతలోనే యున్నది.

ఆ సంస్థవారే 1987 మొదలు 1990 వరకు హైదరాబాదు పరిసరములందలి 29 గ్రామములలో ఒక ప్రయత్నము చేసిరి. 15 గ్రామములలో గర్భిణులకు, బాలింతలకు, ఆఱేండ్ల లోపు పిల్లలకు ప్రతిదినము ఉప్మా వండి పెట్టిరి. 14 గ్రామములకు ఆ పథక మింకను రాలేదు. ఆ పిల్లలు పదుమూడు మొదలు పదునెనిమిదేండ్లవారైన తరువాత మరల పోయి కొలిచినప్పుడు, మొదటి గ్రామములవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు హెచ్చి యుండిరి. వారి రక్తనాళముల బిరుసుతనము తక్కువగా నుండెను. మధుమేహమునకు దారితీయు లక్షణములును తక్కువే. గ్రామములను చీటి వేసి యెన్నుకొనలేదు గనుక దీనిని బెలారస్ పరిశోధనతో సరితూచరాదు. అయినను కడుపులో నున్నప్పుడు తల్లికి పెట్టిన ఉప్మా యౌవనమునాటికి బిడ్డ యెముకలలో కనబడుటను తేలికగా త్రోసివేయలేము.

నల్లగొండ జిల్లాలోని 60 గ్రామములలో ఆ సంస్థకు చెందిన శహనాజ్ వజీర్ మొదలగువారు జరిపిన మఱియొక పరిశోధన మా వాదమునకు మఱింత దగ్గఱది. ఇది చీటి వేసి చేసినదే, 2013లో ప్రకటింపబడినది. మూడు నెలల వయస్సునుండి పదునైదు నెలలవరకు 600 మంది తల్లీబిడ్డల ననుసరించిరి. కొన్ని గ్రామములలో ఊరి స్త్రీలకే తరిఫీదు నిచ్చి ఇంటింటికి పంపిరి. పాలతోపాటు ఏయే తిండి ఎప్పుడు పెట్టవలెనో చెప్పుట మాత్రమే గాక, బిడ్డ ఆకలిని ముఖమును జూచి గుర్తించుట, నోట కుక్కక మాటలాడుచు తినిపించుట, ఇంటి వస్తువులతో ఆడించుట కొందఱికి నేర్పిరి. పదునైదు నెలలకు, ఈ రెండవ విధమైన సాయము పొందిన యిండ్ల పిల్లలు మనోవికాస పరీక్షలో, అంగన్‌వాడీ సేవలు మాత్రమే అందినవారికంటె ముందుండిరి. తిండి చెంచాలో నున్నది. తెలివి చెంచా పట్టిన చేతిలోను, దానితో కలిసిన మాటలోను ఉన్నట్లున్నది. ఉగ్గుపాలతో బుద్ధి యబ్బునని మనవా రన్నప్పుడు, ఒడిలో నుంచుకొని మాటలాడుచు ఉగ్గుగిన్నెతో పోయు ఆ చేతినే తలచిరేమో! ఆ ఉగ్గుగిన్నె ననాగరికమని అటకెక్కించితిమి. సీసాకంటె గిన్నెయే మేలని నేడు వైద్యులు చెప్పుచున్నారు.

పూర్వకాలపు తల్లుల కీ తోడులు, చట్టములు ఎవరిచ్చిరి, వారు పిల్లలను పెంచలేదా యని పెద్దలు కొందఱు మమ్ము కసరిరి. వారికి మా సమాధాన మిది. పూర్వపు తల్లి యొంటరిగా నెన్నడు నుండలేదు. పురిటికి పుట్టింటికి పోయినది. తల్లియు, మేనత్తయు, మంత్రసానియు చుట్టు నుండిరి. నెలలు గడచినగాని అత్తవారింటికి రాలేదు. అది చట్టములో వ్రాయని ప్రసూతి సెలవు. అట్లని ఆ తోడునకు మేము హారతి పట్టబోము. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోయించినదియు, పథ్యమను పేర బాలింతకు నీరు సైతము కొలిచి యిచ్చినదియు ఆ పెద్దలే. కూలికి పోవు ఇంటి కోడలికి ఆ పుట్టింటి విశ్రాంతి యేనాడును పూర్తిగా దక్కలేదు. మంచిని నిలుపుకొని చెడును వదలవలసియుండగా, నగరమునకు వచ్చిన మన కుటుంబములు పథ్యమును మాత్రము మూట గట్టుకొని వచ్చి, మేనత్తను ఊరిలో విడిచిపెట్టినవి.

నాచారమున ఏమి చేయవచ్చునని మమ్మడిగినవారు కలరు. శిశుగృహమును ఒక్కొక్క యజమానుడు వేఱుగా నైనను, ఇతరులతో ఉమ్మడిగా నైనను ఏర్పఱుపవచ్చునని 2017 నాటి సవరణలోనే యున్నది. ఇరువదిమంది పనివారున్న షెడ్డునకు నిర్బంధము లేదు. కాని అట్టి మూడు షెడ్లు గోడకు గోడ ఆని యున్నచోట ముగ్గురు యజమానులు కలిసి యొక గది, ఒక ఆయా, త్రాగునీటి కుండ ఏర్పాటు చేయకుండ ఏ చట్టమును అడ్డుపడుట లేదు. లెక్క షెడ్డునుబట్టి కాక వాడనుబట్టి వేయుడని ప్రభుత్వమును కోరుట అసాధ్యము కాదు. పిండిన పాలు నీడగల గదిలో మూతవేసిన శుభ్రమైన పాత్రలో నాలుగు గంటలవరకు చెడక యుండునని, వానిని ఉగ్గుగిన్నెతో పోయవచ్చునని ఆ యువతికి ఇంతవరకు ఎవరును చెప్పలేదు. మేము చెప్పినప్పుడు ఆమె నమ్మక, పక్కగది ముసలమ్మను పిలిచి మఱియొకసారి చెప్పుమన్నది. పిండుకొనుటకు తలుపు గడియపడు చోటు షెడ్డులో నున్నదా యని ముసలమ్మ అడిగినది. బాత్రూము తప్ప లేదని ఆ యువతి చెప్పినది.